నల్లి కుట్టిన మంచం

విశాఖపట్టణపు ఓడరేవుకు దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ అనే కొండ సముద్రంలోకి చొచ్చుకొని ఉన్నది. ఆ కొండల వెనుక, మూడు ప్రక్కల కొండలును, నాలుగవ ప్రక్క బంగాళాఖాతమును గల పల్లె యారాడ. సెలవు దినాలలో ఘాట్ రోడ్డు మీదుగా వచ్చే యాత్రికుల కోసం అక్కడ వసతి గృహాలు కూడా వెలసినవి. రాత్రి బసకు వచ్చినవాడు గదిలోకి రాగానే కిటికీ తెరచి సముద్రం వంక చూస్తాడు. పరుపు అంచు ఎత్తి చూచేవాడు అరుదు. ఇంత ధారాళంగా గాలి వీచే చోట నల్లి ఎక్కడిదని అతని ధీమా. ఈ ధీమాకు శాస్త్రంలో ఆధారం లేదు. కాని ఇది ఈనాడు పుట్టినదీ కాదు. నల్లిని గురించి తెలుగువారు చిన్ననాటి నుంచి వింటూ వచ్చిన పద్యాలలోను, కథలలోను నిజమూ అబద్ధమూ కలగలిసి ఉన్నవి. వాటిని కీటకశాస్త్రం తోడు పెట్టుకొని పరీక్షిస్తే వసతి గృహాలవారికి పనికివచ్చే సంగతులు కొన్ని బయటపడతాయి.

మొదట సుమతీ శతకం. అల్పునితో సహవాసం కీడు తెస్తుందని చెప్పడానికి శతకకర్త మంచాన్ని దృష్టాంతంగా తీసుకొన్నాడు. కుట్టినది నల్లి, దెబ్బలు తిన్నది మంచం. తెలుగు పండితులు తరతరాలుగా ఈ పద్యానికి చెప్పే వ్యాఖ్యానం ఒక్కటే: మంచం నిరపరాధి, చెడు స్నేహం వల్ల శిక్ష అనుభవించింది. నీతికి ఇది చాలును. కాని పద్యంలోని సన్నివేశాన్ని కళ్ళకు కట్టించుకొని చూచినవారికి ఇది శిక్షగా కనిపించదు, చికిత్సగా కనిపిస్తుంది. నులక మంచాన్ని ఎండలోకి తెచ్చి, కోళ్ళను నేలకు వేసి దబదబ కొట్టడం తెలుగు పల్లెలలో నల్లులను దులిపే పద్ధతి. కోడుకు పట్టె తగిలించిన బెజ్జాలలో, నులక అల్లికల సందులలో దాగిన నల్లులు ఆ అదురుకు రాలిపడేవి. వాటిని అక్కడికక్కడే నలిపివేసేవారు. పట్టెల బెజ్జాలలో మరుగునీళ్ళు పోసేవారు. అంటే నల్లి మనిషి ఒంటి మీద కాపురం చేయదనీ, కుట్టి వెళ్ళి మంచంలో దాగుతుందనీ శతకకర్తకూ, ఆయన పద్యం విన్నవారికీ బాగా తెలుసును. తెలియకపోతే ఆ ఉపమానం నిలువదు. ఈ ఒక్క పరిశీలనకైనా ఆ పద్యాన్ని నీతిపాఠం నుంచి ప్రకృతిశాస్త్ర పాఠానికి తేవచ్చును.

అయితే పద్యం చెప్పని సంగతి ఒకటి ఉన్నది. దెబ్బలకు రాలేది తిరిగే నల్లి మాత్రమే. ఆడనల్లి గ్రుడ్లను ఒక రకమైన జిగురుతో కర్రకో, గుడ్డకో అతికించి పెడుతుంది. ఒక్కొక్క గ్రుడ్డు మిల్లీమీటరు పొడవు, ముత్యపు తెలుపు. మంచి చూపుగలవారికి తప్ప కనిపించదు. ఎంత కొట్టినా అది ఊడదు. వెచ్చని రోజులలో వారం, పది రోజులకు పగిలి పిల్ల బయటికి వస్తుంది. ఆ పిల్ల ఐదుసార్లు కుబుసం విడుస్తుంది. విడిచే ముందు ప్రతిసారీ ఒకసారైనా కడుపునిండా రక్తం త్రాగి తీరాలి. సుమారు ఐదారు వారాలలో అది పెద్దదవుతుంది. అందుచేతనే మంచానికి దెబ్బలు ఒకసారితో తీరేవి కావు. ఈ లెక్కను కొన్ని వసతి గృహాలవారు నేటికీ గ్రహించలేదు. ఒకసారి మందు కొట్టించి, గది బాగుపడినదని మరునాడే అద్దెకు ఇస్తారు. రెండు వారాలలో గ్రుడ్లు పిల్లలవుతాయి.

ఇక ఒక చాటువు ఉన్నది. శివుడు కొండ మీద పండుకోవడానికీ, సూర్యచంద్రులు ఆకాశంలో ఉండడానికీ, విష్ణువు పాము మీద పవళించడానికీ కారణం నల్లిబాధ తాళలేకపోవడమేనని దాని చమత్కారం. ఇటువంటిదే సంస్కృతంలోనూ ప్రసిద్ధం. చాటువును తర్కంతో కొలవడం రసభంగమే; అయినా ఇందులో ఏది నిలుస్తుందో, ఏది నిలువదో చూడడం విద్యార్థులకు వినోదంగా ఉంటుంది. కొండ మీద నల్లి లేదనడం నిలువదు. దక్షిణదేశంలో ప్రబలంగా ఉన్నది సైమెక్స్ హెమిప్టెరస్ అనే ఉష్ణదేశపు నల్లి. చలి ప్రదేశాలకు అలవాటుపడినది దాని తోబుట్టువైన సైమెక్స్ లెక్టులేరియస్. కైలాసానికి పోయినా మనుషులు పక్కలు వేసుకొన్న చోట ఏదో ఒకటి దాపురించక మానదు. శేషశయ్య సంగతి వేరు. నల్లి తన ఆహారాన్ని వెదకేది ముఖ్యంగా నిద్రించేవాని ఊపిరిలోని బొగ్గుపులుసు గాలిని, ఒంటి వెచ్చదనాన్ని, వాసనను బట్టి. అది మనిషిని, గబ్బిలాన్ని, కోడిని కుట్టుతుంది; ఇవన్నీ వెచ్చని రక్తం గలవి. చల్లని నున్నని పాముకు బెజ్జమూ లేదు, పట్టె లేదు, అతుకూ లేదు. సందులు లేని పక్కే మేలైనదని చాటుకవి పరిహాసానికి అన్నా, నేటి కీటకశాస్త్రజ్ఞులు హోటళ్ళకు చెప్పే మొదటి మాట అదే.

పంచతంత్రంలోని కథ వీటికంటె విమర్శకు ఎక్కువ తావు ఇస్తుంది. మిత్రభేదంలో మందవిసర్పిణి అనే పేను రాజుగారి పానుపుపై తెల్లని వస్త్రాల మడతలలో సుఖంగా కాలం గడుపుతున్నది. అక్కడికి ఒక మత్కుణం, అంటే నల్లి, అతిథిగా వచ్చింది. రాజు గాఢంగా నిద్రపోయిన తరువాత మాత్రమే కుట్టవలెనని పేను నియమం పెట్టింది. నల్లి ఆత్రం ఆపుకోలేక రాజు మేలుకొని ఉండగానే కుట్టింది. రాజు ఎగిరిపడ్డాడు. సేవకులు దీపం తెచ్చి పక్కంతా వెదికారు. నల్లి మంచపు సందులో దూరింది. మెల్లగా నడిచే పేను దొరికిపోయి చచ్చింది.

పేనును బట్ట మడతలలో ఉంచడంలో కథకుడు పొరపాటు పడలేదు. తలపేనుకు వెండ్రుకలు నివాసమైతే, చీరపేనుకు బట్టల కుట్లు నివాసం. దానికి పెట్టిన పేరులోనే దాని నడక ఉన్నది. నల్లి వేగంగా పాకుతుంది, సందు దొరికితే క్షణంలో మాయమవుతుంది. నిద్రించేవానినే కుట్టడం నల్లికి సహజమైన అలవాటు. కథలో ఆ అలవాటును పేను నోట నియమంగా పలికించారు. చాలా రోజులు ఆకలితో ఉన్న నల్లి వేళ తప్పి, వెలుతురులో సైతం బయటికి వచ్చి కుట్టడం కద్దు. అదీ కథలో ఉన్నది. 1925లో వెలువడిన ఆర్థర్ రైడర్ ఆంగ్లానువాదంలో మాత్రం మత్కుణం ‘ఫ్లీ’ అనే గెంతే పురుగుగా మారిపోయింది. ఆంగ్లపాఠకుల కోసం పేర్లకు ప్రాస కుదిర్చే ఉత్సాహం కాబోలు! ఆ మార్పుతో కథ కీలు ఊడింది. గెంతే పురుగు గెంతి తప్పించుకొంటుంది, మంచపు సందులో దూరి కూర్చోదు. సందు లేకపోతే ఈ కథకు ముగింపే లేదు.

కథలో తప్పులు లేకపోలేదు. ఒక పాఠంలో నల్లి తిరుగుతూ వచ్చిందని ఉంటే, మరొక పాఠంలో గాలికి కొట్టుకొని వచ్చిందని ఉన్నది. నల్లికి రెక్కలు లేవు. రెక్కల మొలకలు మాత్రమే మిగిలినవి. అది ఎగరదు, గెంతదు. గాలి దానిని తేదు, తీసుకొనిపోదు. యారాడ గాలి మీద యాత్రికుడు పెట్టుకొన్న ధీమాకు ఇంతకంటె సమాధానం అక్కరలేదు. నల్లి వచ్చేది మనిషి సామానుతోనే: పెట్టె అతుకులలో, పరుపుచుట్టలో, పాత సోఫాలో, రైలు సీటులో. ఓడరేవు 1933లో తెరవబడినది; ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగినది. దేశంలోని అన్ని మూలల నుంచి పెట్టెలు దిగే పట్టణానికి కొండ దాటితే యారాడ.

రెండవ తప్పు మరింత గమనింపదగినది. కుట్టగానే రాజు ఎగిరిపడ్డాడట. నిజానికి నల్లి కాటు అప్పటికప్పుడు తెలియడం తక్కువ. దాని లాలాజలంలో రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థాలతోబాటు, కాటు తెలియకుండా చేసేవి కూడా ఉన్నవంటారు. ఐదు పది నిమిషాలు తాపీగా త్రాగి అది వెళ్ళిపోతుంది. దద్దుర్లు కొందరికి మరునాటి ఉదయానికి, కొందరికి కొన్ని రోజులకు కనిపిస్తాయి. కొందరికి అసలు కనిపించవు. హోటలువారికీ బసచేసినవారికీ నడుమ వచ్చే తగాదాలకు మూలం ఇక్కడే ఉన్నది. శనివారం రాత్రి ఒక చోట కుట్టించుకొన్నవాడు మంగళవారం మరొక ఊరి గదిలో గోక్కుంటూ ఆ రెండవ హోటలువారిని నిందిస్తాడు. మొదటి హోటలువాడు తన వద్ద ఫిర్యాదే రాలేదు గనుక నల్లి లేదని నమ్ముతాడు. ఫిర్యాదుల పుస్తకాన్ని బట్టి నల్లిని లెక్కించడం కంటె పెద్ద పొరపాటు లేదు.

కుట్టినవాడు తప్పించుకొని మరొకడు దెబ్బలు తినడం ఈ పద్యానికీ, ఈ కథకూ ఉమ్మడి వస్తువు. శాస్త్రచరిత్రలో ఇది తలక్రిందులుగా కూడా జరిగింది; అప్పుడు దెబ్బలు తిన్నది నల్లే. 1903లో మద్రాసులో చార్లెస్ డోనోవన్ కాలా అజార్ రోగానికి కారణమైన పరాన్నజీవిని కనుగొన్నాడు. అదే కాలంలో లీష్మన్ కూడా దానిని కనుగొనడం వల్ల ఇద్దరి పేర్లూ దానికి వచ్చినవి. ఆ రోగం మనిషి నుంచి మనిషికి ఎట్లా ప్రాకుతున్నదనే ప్రశ్న వచ్చినప్పుడు, పక్కలో ఉండి రక్తం త్రాగే నల్లి మీదికి అనుమానం పోవడం సహజమే. లెనార్డ్ రోజర్సు ఆ అనుమానాన్ని వెలిబుచ్చాడు. మద్రాసులో పనిచేసిన డబ్ల్యూ. ఎస్. పాటన్ ఆ పరాన్నజీవి నల్లి కడుపులో పెరగడం 1907లో చూచి, ఆ పక్షాన్ని చాలాకాలం గట్టిగా సమర్థించాడు. చూచినది అబద్ధం కాదు. కాని నల్లి కడుపులో పెరగడం వేరు, నల్లి కాటు వల్ల మనిషికి రోగం అంటడం వేరు. రెండవది ఎన్నడూ రుజువు కాలేదు. చివరకు 1942లో స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ అనే ముగ్గురు, స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన మనుషులను ఇసుక ఈగచేత కుట్టించి, రోగం దానివల్లనే వ్యాపిస్తుందని చూపారు. నల్లి మనిషికి రోగాలను తెస్తున్నదని నేటి వరకు రుజువు లేదు. అది తెచ్చేది నిద్రలేమి, దురద, గోకిన చోట పుండు, మనోవ్యాకులత, హోటలుకు అపఖ్యాతి. చాటుకవి దానిని ‘బాధ’ అన్నాడే గాని రోగం అనలేదు; పాటన్ కంటె ఆయనే జాగ్రత్తగా మాట్లాడినట్లు తోస్తుంది.

నల్లి వల్ల రోగం రాకపోయినా, నల్లి పేరు చెప్పి వాడే మందు వల్ల ప్రాణాపాయం కద్దు. డి.డి.టి. కీటకనాశక శక్తిని 1939లో పాల్ మ్యూలర్ కనుగొన్న తరువాత నల్లి కథ ముగిసిందని ప్రపంచమంతా అనుకొన్నది. పది సంవత్సరాలు కూడా నిండకముందే, హవాయి ద్వీపాలలోని పెర్ల్ హార్బరు సైనికుల బసలలో డి.డి.టి.కి చావని నల్లులు కనిపించినవి. భారతదేశంలో 1953లో మలేరియా నియంత్రణ పథకం, 1958లో నిర్మూలన పథకం మొదలై ఇండ్లలో డి.డి.టి. చల్లడం జరిగింది. అటువంటి పథకాలు నడచిన అనేక దేశాలలో ఒకే విధమైన అనుభవం ఎదురయింది. మొదట మలేరియా దోమతోబాటు నల్లులూ చచ్చాయి. గృహస్థులకు నల్లులు చావడమే కంటికి కనిపించిన లాభం. తరువాత మందుకు తట్టుకొన్న నల్లులు చావకపోగా, మందు చిరచిరకు సందులలో నుంచి బయటపడి మరింతగా కుట్టినవి. మందే నల్లిని తెచ్చిందని తలచి జనం చల్లేవారిని గుమ్మంలోనే ఆపివేశారు. దోమ పని సగంలో ఆగింది. నల్లి చేసిన కీడులలో చెప్పుకోదగినది ఇదే, అదీ కాటుతో చేసినది కాదు.

ఆ తరువాత వచ్చిన పైరిత్రాయిడు మందులకు కూడా నేడు చాలా దేశాల నల్లులు లొంగడం లేదు. మందు పనిచేయనప్పుడు మోతాదు పెంచడం, పొలానికి ఉద్దేశించిన విషాలు గదిలో వాడడం చూస్తున్నాము. 2018లో ఈజిప్టులోని హర్గడా అనే సముద్రతీర విడిదిలో, ప్రక్కగదిలో నల్లుల కోసం చల్లిన మందు ఆవిరి తలుపు సందులలో నుంచి వచ్చి నిద్రిస్తున్న బ్రిటిషు దంపతుల ప్రాణాలు తీసింది. మందును పలుచన చేయడానికి కలిపిన డైక్లోరోమీథేన్ శరీరంలో కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది. మరణకారణం అదేనని 2023లో ఇంగ్లండులో జరిగిన విచారణ తేల్చింది. నల్లి ఎవరినీ చంపదు గదా! సుమతీ శతకం ఈనాడు వ్రాస్తే మంచానికి బదులు పండుకొన్నవానినే దృష్టాంతంగా చూపవలసివచ్చేది.

మరి యారాడ వంటి చోట వసతి గృహం నడిపేవారు చేయవలసినది ఏమిటి? చాలవరకు పని మందు సీసాతో కాదు, చేతిదీపంతో జరుగుతుంది. దుప్పటి మార్చిన ప్రతిసారీ పరుపు నాలుగు మూలలు, అంచు కుట్లు, మంచపు తలాపి పలక వెనుక భాగం, ప్రక్కబల్ల సొరుగు చూడాలి. నల్లి కనిపించకపోయినా దాని గుర్తులు కనిపిస్తాయి: జీర్ణమైన రక్తపు నల్లని చుక్కలు, అవి గుడ్డ మీద సిరా వలె ప్రాకుతాయి, విడిచిన కుబుసాలు, నల్లులు ఎక్కువైతే పచ్చి కొత్తిమీర నలిపినట్టి వాసన. కొత్తిమీరకు ఐరోపా భాషలలో ఉన్న పేరు, గ్రీకులో నల్లిని చెప్పే మాట నుంచి వచ్చిందని చెప్పేవారు కలరు. వంటవారు ఆగ్రహించరు గాక! తలాపి పలకను గోడకు బిగించకుండా తీయడానికి వీలుగా ఉంచడం, గోడ పగుళ్ళను లప్పంతో పూడ్చడం, మంచాన్ని గోడకు జానెడు దూరంగా జరపడం, పరుపుకు జిప్పుగల నిండు తొడుగు వేయడం, ఇవన్నీ శేషశయ్యకు దగ్గరగా పోయే పనులు. తీరంలో ఇనుప మంచాలు వాడేవారు గొట్టాల చివరలను మూయడం మరువరాదు. బోలు గొట్టం పట్టె బెజ్జం కంటె పెద్ద కోట.

విదేశాల పుస్తకాలు చదివి మంచపు కోళ్ళ క్రింద నున్నని ప్లాస్టిక్ గిన్నెలు పెట్టేవారికి ఒక హెచ్చరిక అవసరం. ఆ గిన్నెలలో పడ్డ నల్లి గోడ ఎక్కలేదని అక్కడివారు చెప్పేది సైమెక్స్ లెక్టులేరియస్ విషయంలో బాగానే ఉన్నది. దక్షిణదేశపు నల్లి అయిన హెమిప్టెరస్‌కు కాలి మీది మెత్తవద్ద రోమాలు ఎక్కువ. అది నున్నని గోడను కూడా ఎక్కగలదని 2017లో మలేషియాలో పనిచేసిన పరిశోధకులు ప్రకటించారు. చలిదేశపు పరిశోధనను ఉన్నదున్నట్టుగా దిగుమతి చేసుకోవడం అన్నివేళలా సరిపడదనడానికి ఇంతకంటె చిన్న నిదర్శనం దొరకదు.

నల్లిని చంపడంలో వేడికి ఉన్న శక్తి ఏ మందుకూ లేదు. వేడికి తట్టుకొనే నల్లి జాతి ఇంకా పుట్టలేదు. 60 డిగ్రీల నీటిలో ఉతికిన గుడ్డలలో గ్రుడ్డుతో సహా ఏదీ మిగలదు. చన్నీళ్ళలో ఒక రోజు నానవేస్తే పెద్దవి చస్తాయి గాని గ్రుడ్లు బ్రతుకుతాయి. ఎండ సంగతిలోనే జనం ఎక్కువగా మోసపోతారు. పరుపు పైముఖం చేయి కాలేంత వేడెక్కినా, లోపలి దూది, క్రిందిముఖం చల్లగానే ఉంటాయి. నల్లి అటు వైపుకు నడిచిపోతుంది. పలుచని చాపకు, దుప్పటికి ఎండ చాలును, పరుపుకు చాలదు. వేడి ఆవిరిని పరుపు కుట్లలోకి, పట్టెల సందులలోకి మెల్లగా పట్టించడం, పాతకాలపు మరుగునీళ్ళ పద్ధతికి సంస్కరించిన రూపమే.

ఒక గదిలో నల్లి కనబడితే ఆ మంచాన్ని వెంటనే వేరొక గదికి మార్చడం చాలాచోట్ల జరిగే పని. అంతకంటె నల్లికి చేసే ఉపకారం మరొకటి లేదు. ఆ గదిని మూసి, ఏ వస్తువునూ కదపక, రెండు ప్రక్కల గదులను, పైగదిని, క్రిందిగదిని కూడా పరీక్షించాలి. రెండు వారాల తరువాత మళ్ళీ పరీక్షించాలి. మాసిన దుప్పట్లను నడవాలో ఈడ్చుకుపోక సంచిలో మూతి కట్టి తీసుకొనిపోవాలి. మాసిన గుడ్డ నల్లికి ఎంత ప్రీతికరమో 2017లో షెఫీల్డు విశ్వవిద్యాలయంవారు పరీక్షించి చూచారు: గదిలో ఉతికిన బట్టల సంచిని, విడిచిన బట్టల సంచిని ఉంచితే, విడిచిన బట్టల వద్దకు రెట్టింపు నల్లులు చేరినవి. పెట్టెలోకి నల్లి ఎక్కే దారి చాలవరకు ఇదే.

ఇక వసతి గృహాలలో అన్నిటికంటె హాని చేసే ఆచారం ఒకటి మిగిలింది. నల్లి ఉన్నదని మొదట చెప్పేవాడు పక్కలు వేసే పనివాడు. అతనిని మందలించడం, శుభ్రం చేయలేదని కూలి కోయడం చాలామంది యజమానులకు అలవాటు. నల్లి మురికికి పుట్టదు. 2023లో పారిస్ నగరమంతా నల్లుల గోల పుట్టినప్పుడు, అవి పేద ఇళ్ళను, గొప్ప ఇళ్ళను భేదం చూడలేదు. దండన తిన్న పనివాడు మరునాడు నల్లిని చూచినా నోరెత్తడు. ఒక జత నల్లి నెల, రెండు నెలలలో గది నిండుతుంది. మంచానికి దెబ్బలు కొట్టినప్పుడు రాలిన నల్లులైనా చచ్చేవి. పనివానిని కొడితే ఒక్కటీ రాలదు. నల్లిని చూపినవానికి బహుమానం ఇచ్చే హోటలు తక్కువ ఖర్చుతో బయటపడుతుంది.

పంచతంత్రంలోని రాజసేవకులకు దీపం తేవాలని తోచింది. అంతవరకు వారు చేసినది సబబే. తెల్లని పక్కబట్ట మీద వెదకడం కూడా సబబే. హోటళ్ళలో తెల్ల దుప్పట్లు వేయడంలోని లాభాలలో అదొకటి. పేను దొరకగానే వారు దీపం ఆర్పివేశారు, మంచపు సందువైపు వంగి చూడలేదు. యారాడ నుంచి తిరిగి ఇల్లు చేరిన యాత్రికునికి ఆ పని ఇంకా మిగిలి ఉంటుంది. విడిచిన బట్టలు తిన్నగా వేడినీళ్ళలోకి పోవాలి. పెట్టెను వాకిట్లోనే తెరచి, అతుకులు, చక్రాల గూళ్ళు, లోపలి జేబులు దీపం పెట్టి చూచుకోవాలి. చూచుకొనేంత వరకు దానిని మంచం మీద పెట్టరాదు.